అనంతగిరి చుట్టు నడకకు వెళ్లబోయే మేనల్లుడికి

చిరంజీవి శ్రీకాంత్‌కు మామయ్య ఆశీస్సులు.

కార్తీకంలో మిత్రులతో కలిసి వికారాబాద్ దగ్గరి అనంతగిరి అడవిలో ఒక చుట్టు నడిచి రావాలని అనుకుంటున్నట్టు, ఎటు మొదలుపెట్టి ఎటు ముగించాలో చెప్పమని రాశావు. దారి సంగతికి వచ్చే ముందు నా మనసులోని మాట ఒకటి చెబుతాను. ఆ గుట్ట మీద కాలి కింది రాయిని చూసుకుంటూ నడవడం నేర్చుకుంటే, నీళ్లు ఎక్కడ ఊరతాయో, అడుగు ఎక్కడ జారుతుందో, కింది ఊళ్ల చేలలో ఏ పంట ఎందుకు పండుతుందో, అన్నీ ఆ రాయే చెబుతుంది. ఈ లేఖలో నేను రాసే సలహాలన్నీ దాదాపు ఆ ఒక్క విషయం నుంచి పుట్టినవే.

వీలైతే కారు మానుకుని లింగంపల్లి నుంచి రైలులో రండి. హైదరాబాద్ చుట్టుపక్కల కనిపించే గుండ్రటి గ్రానైటు బండలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. పడమరకు వచ్చేకొద్దీ అవి పలచబడి, వికారాబాద్ దగ్గరపడేసరికి నేల తీరే మారిపోతుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం దక్కను మీద పొర మీద పొరగా పారి గడ్డకట్టిన లావాకు తూర్పు అంచు ఈ ప్రాంతమే. ఒక పొరకూ మరో పొరకూ నడుమ వందల, వేల ఏళ్ల విరామం ఉన్నచోట చెరువులు ఏర్పడ్డాయి, జీవులు బతికాయి. పరిగి వైపున్న నస్కల్ దగ్గర అలాంటి నడిమి పొరలో డైనోసార్ల కాలపు చిన్న క్షీరదాల దంతాలు దొరికాయి; 1988లో అవి శాస్త్రలోకం దృష్టికి వచ్చాయి. కంటికి ఆనని ఆ దంతాల కోసం నడకలో వెతకనక్కరలేదు గాని, తొక్కుతున్నది ఎలాంటి నేలో తెలిసి ఉండటం మంచిది.

ఇక గుట్ట నిర్మాణం. పైన టోపీలా ఉన్నది లాటరైటు, అంటే మన ఎర్రరాయి. కింద ఉన్నది ఆ లావా గడ్డకట్టిన నల్లరాయి, అంటే బసాల్టు. పైది కిందిదాని నుంచే పుట్టింది: లక్షల ఏళ్ల వానలూ వేడీ నల్లరాయిలోని సున్నపు అంశాన్నీ సిలికానూ కరిగించి తీసుకుపోగా, ఇనుమూ అల్యూమినియమూ మిగిలి బొరియలు బొరియలుగా గట్టిపడ్డాయి. ఆ రెంటి నడుమ చాలాచోట్ల తెల్లగానో లేత గులాబీగానో ఉండే మెత్తటి బంకమన్ను ఉంటుంది. వాన నీరు ఎర్రరాయి బొరియల్లోంచి దిగి, ఆ బంకమన్ను మీద ఆగి, వాలు చూసుకుని పక్కకు ఊరుతుంది. అందుకే ఊటలు గుట్ట నెత్తిన గాని అడుగున గాని కాకుండా నడుము దగ్గర కనిపిస్తాయి. అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర మెట్లు దిగి గుండాన్ని చూసినప్పుడు ఈ సంగతి గుర్తుచేసుకో. ముచికుంద మహర్షి పేరుతో భక్తులు చెప్పుకునే మూసీ నది ఈ గుట్టల్లోనే పుట్టి, ఉస్మాన్‌సాగర్‌ను నింపి, హైదరాబాద్ మీదుగా సాగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908లో నగరాన్ని ముంచిన వరదా, ఆ తరువాత 1920లో కట్టిన ఉస్మాన్‌సాగరూ ఈ నీటి కథలోని భాగాలే.

ఇదే రాయి నీకు రెండు హెచ్చరికలు కూడా చేస్తుంది. పైనుంచి చూపు ఆనినంత మేర అడవీ, చేలూ, చెరువులూ కనిపించే అంచుల దగ్గర కింది బంకమన్ను కోసుకుపోయి, ఎర్రరాయి చూరులా ముందుకు వేలాడుతూ ఉంటుంది. మీద నిలబడినవారికి అది తెలియదు. ఫొటో కోసం చివరికి పోవద్దని మిత్రులకు ముందే గట్టిగా చెప్పు. రెండోది, ఎర్రరాయి విరిగి ఏర్పడే మొరం గులకలు గుండ్రంగా ఉండి పాదం కింద దొర్లుతాయి. ఎక్కేటప్పుడు వాటితో అంత ఇబ్బంది ఉండదు, దిగేటప్పుడే కాలు నిలవదు. కాబట్టి వాలు తక్కువ ఉన్న వైపు నుంచి నెమ్మదిగా దిగి, కింద చేల అంచున చుట్టి, నిటారుగా ఉన్న వైపు నుంచి పైకి ఎక్కండి. చాలామంది ఇందుకు విరుద్ధంగా చేస్తారు. అయితే మీరు బయలుదేరే గుడి పైనే ఉంది కాబట్టి మీ నడక దిగుడుతో మొదలై ఎక్కుడుతో ముగుస్తుంది. మొదటి గంటలో హాయిగా ఉందని బలమంతా ఖర్చుపెట్టకుండా, తెల్లవారగానే బయలుదేరి, ఎండ ముదరకముందే ఎక్కుడు పూర్తిచేసేలా చూసుకోండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు తప్పనిసరి. దారిలో ఊటలున్నా వాటిమీద ఆధారపడవద్దు.

దిగుతున్నప్పుడు ఒకచోట కాలి కింది ఎరుపు మాయమై నలుపు మొదలవుతుంది. అక్కడ కాసేపు ఆగు. ఒర్రె గట్టున తెగిన చోట నల్లరాయి ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడి, లోపల గట్టి గుండు మాత్రం మిగిలి కనిపిస్తుంది. ఊడిన పొర వేలితో నలిపితే పొడి అవుతుంది. ఆ పొడే కాలక్రమంలో నల్లరేగడి. ఆ రేగడి పట్టి ఉంచే తేమ వల్లనే కింద పత్తీ కందీ పండుతున్నాయి, తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దక్కిన నేల కూడా ఈ చుట్టుపక్కలదే.

గుట్ట అడుగున ఊళ్లను హడావిడిగా దాటిపోవద్దు. నా దృష్టిలో ఈ నడకలో సగం విలువ అక్కడే ఉంది. పాత ఇళ్ల గోడల్లో ఎర్రరాయి దిమ్మెలు, గచ్చులో తాండూరు నీలిబండలు, గడపల పక్కన జాజు పూత, దాని మీద తెల్లటి ముగ్గు కనిపిస్తాయి. ఒక గోడ దగ్గర నిలబడి చేత్తో తడిమి చూడు: రాయి బొరియల్లో మట్టి కూరిన వేళ్ల గుర్తులు కొన్నిచోట్ల ఇప్పటికీ చెరగలేదు. బొడ్రాయి చుట్టూ, పోచమ్మ గుడి ముందు చెప్పులు విడిచి నడవండి. మోటబావి కనిపిస్తే వంగి రాతి వరుసలు చూడవచ్చు గాని, ఒరల మీద ఎక్కవద్దు. తండాల్లో మనుషుల ఫొటోలు అడగకుండా తీయవద్దు. సీతాఫలాలు అమ్మేవారు కనిపిస్తే బేరమాడకుండా కొనండి, చెట్టు నుంచి మీరు కోయకండి.

కార్తీక పౌర్ణమి జాతర రోజుల్లో గుడి దగ్గర విపరీతమైన రద్దీ ఉంటుంది. దానికి వారం అటో ఇటో, అదీ వారాంతం కాని రోజున పెట్టుకోండి. అటవీ శాఖవారిని ముందుగా కలిసి, వారు అనుమతించిన బాటలోనే నడవండి, తెలిసిన స్థానికుడు ఒకరు వెంట ఉంటే ఇంకా మంచిది, ఆయన రోజు కూలి ముందే మాట్లాడుకోండి. గడ్డి ఎండటం మొదలయ్యే కాలం కనుక అగ్గిపెట్టె, సిగరెట్టు ఎవరి సంచిలోనూ ఉండకూడదు. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి, రక్తపింజరి ఆ చోట్లనే పడుకుంటుంది. కోతులకు తిండి వేయవద్దు.

మీలో మోకాళ్ల నొప్పి ఉన్నవారు ఎవరైనా ఉంటే పూర్తి చుట్టు పెట్టుకోకుండా, గుడి నుంచి గుండం దాకా దిగి అంచు వెంట తిరిగి వచ్చినా ఎర్రరాయీ ఊటా చూసినట్టే అవుతుంది. ఎంతమంది వస్తున్నారో, ఏ తేదీ అనుకున్నారో రాస్తే, ఎక్కుడు వైపు బాట ఈసారి వానలకు ఎలా ఉందో కనుక్కుని తెలియజేస్తాను.

ఇట్లు,
మీ మామయ్య