రగ్బీలో స్క్రమ్‌లోకి (రెండు జట్లవాళ్ళు వంగి, ఒకరికొకరు ఆనుకుని తోసుకునే చోటికి) వేసిన బంతి ఎలాగూ వేసినవాళ్ళకే వస్తుంది, మరి స్క్రమ్ దేనికి?

తిరుపతిలో సెవెన్స్ (ఏడుగురి రగ్బీ) మాత్రమే ఆడినవాళ్ళకు ఈ సందేహం రావడం సహజం. అక్కడ ముగ్గురికి ముగ్గురు వంగుతారు, క్షణంలో బంతి బయటికొచ్చేస్తుంది. పదిహేను మంది ఆటలో ఎనిమిది మందికి ఎనిమిది మంది. మీరన్నట్టు బంతి ఎక్కువసార్లు వేసినవాళ్ళకే వస్తుంది. కానీ స్క్రమ్‌లో అసలు రాబడి బంతి కాదు సామీ, పెనాల్టీ, అంటే అవతలివాళ్ళ తప్పుకు మనకు దక్కే కిక్.

2019 ప్రపంచకప్ ఫైనల్ చూడండి. ఇంగ్లండ్ టైట్‌హెడ్ (ముందు వరసలో కుడిపక్కవాడు) కైల్ సింక్లర్ మూడో నిమిషంలోనే దెబ్బ తగిలి వెళ్ళిపోయాడు. బదులు వచ్చిన డాన్ కోల్‌ను దక్షిణాఫ్రికా లూజ్‌హెడ్ (ఎడమపక్కవాడు) మ్టవరీరా ఊపిరాడనివ్వలేదు. దక్షిణాఫ్రికా కిక్కర్ పొలార్డ్ గోలు చేసిన ఆరు పెనాల్టీల్లో కొన్ని స్క్రమ్ పుణ్యమే. దక్షిణాఫ్రికా 32-12తో గెలిచింది. 2023 సెమీస్‌లో అదే ఇంగ్లండ్‌ను 16-15తో ఓడించిన చివరి కిక్ కూడా స్క్రమ్ పెనాల్టీయే.

ముందు వరసలో లూజ్‌హెడ్ (1), మధ్యలో హుకర్ (2), టైట్‌హెడ్ (3). లూజ్‌హెడ్ తలకు ఎడమపక్క ఖాళీ. టైట్‌హెడ్ తల మాత్రం అవతలి 1, 2 నంబర్ల మధ్య ఇరుక్కుంటుంది, రెండు భుజాల మీదా బరువే. అతను వంగిపోతే వెనక లాకులు (రెండో వరసవాళ్ళు) ఎంత తోసినా ఆ బలం నేలపాలు. నన్నడిగితే జట్టులో మొదట వెతకాల్సింది మూడో నంబరునే.

రిఫరీ 'క్రౌచ్' అనగానే మోకాళ్ళు వంచాలి, వీపు బల్లలా ఉండాలి, భుజాలు తుంటికన్నా కిందికి పోకూడదు, చూపు పైకి. 'బైండ్' అన్నప్పుడు లూజ్‌హెడ్ ఎడమచెయ్యి లోపలినుంచి, టైట్‌హెడ్ కుడిచెయ్యి బయటినుంచి పోయి ఎదుటివాడి జెర్సీని వీపు మీదో పక్కనో పట్టుకోవాలి. చెయ్యిగానీ కాలర్‌గానీ పట్టుకుంటే తప్పు. 'సెట్' అన్నాకే ఆనుకోవడం, బంతి పడ్డాకే తోయడం.

స్క్రమ్ కూలేది ఎక్కడంటే, మోచెయ్యి దగ్గర. లూజ్‌హెడ్ మోచెయ్యి నేలవైపు తిరిగిందంటే ఎదుటివాణ్ణి కిందికి లాగుతున్నట్టే. రిఫరీ చూపు అక్కడే ఉంటుంది. ఇంకొకటి, టైట్‌హెడ్ తుంటి పక్కకు జరిపి అవతలి హుకర్ మీదికి అడ్డంగా దూరడం. రెండూ పెనాల్టీలే. పాదాలు మరీ వెనక్కి పెట్టినా మనిషి సాగిపోయి ముఖం నేలకు కొట్టుకుంటాడు.

మన ఎండాకాలపు గ్రౌండు రాయిలా ఉంటుంది, అక్కడ స్క్రమ్ వద్దు. ముందురోజు సాయంత్రం నీళ్ళు పట్టిన గడ్డి మీద, తెల్లారే చేయించండి. రన్నింగ్ బూట్లు జారతాయి, ఫుట్‌బాల్ స్టడ్స్ ఉన్నా చాలు. మొదట మోకాళ్ళ మీద ఒకరికొకరు, తర్వాత నిలబడి ఒకరికొకరు, ఆ తర్వాతే ముగ్గురికి ముగ్గురు. మెడ బలపడనివాణ్ణి ముందు వరసలో పెట్టొద్దు, కబడ్డీలో ఎంత మొనగాడైనా సరే. పంతొమ్మిదేళ్ళ లోపువాళ్ళ ఆటలో తోపు 1.5 మీటర్లు దాటకూడదు. ముందు వరసకు శిక్షణ ఉన్నవాళ్ళు చాలకపోతే తోపుల్లేని స్క్రమ్ పెట్టమని రిఫరీకి మొదలుకాకముందే చెప్పండి.