టైమర్ యాప్ మానేసి మామూలు టెక్స్ట్ ఫైల్‌లో పని గంటలు: నా అనుభవం

టైమర్ యాప్‌లో స్టార్ట్ నొక్కడం రోజూ మర్చిపోతున్నా, ఉత్త టెక్స్ట్ ఫైల్‌లో గంటలు రాసుకుంటే సరిపోతుందా అని అడిగారు కదా. సరిపోతుందండి. గంటల లెక్కన బిల్లు వేసే ఫ్రీలాన్స్ పని నాది, నాలుగేళ్లుగా నా లెక్కలన్నీ ఒక్క ఫైల్‌లోనే ఉన్నాయి. కాకపోతే మొదటి రెండు నెలలు చాలా తిప్పలు పడ్డాను, అది చెప్తా.

అప్పట్లో ప్రతి పనికీ మొదలెట్టిన టైమూ ఆపిన టైమూ రెండూ రాసేవాణ్ణి, అంటే ఏ స్టార్ట్ బటన్ గుర్తుండట్లేదని యాప్ తీసేశానో అదే బటన్‌ని తెచ్చి ఫైల్‌లో పెట్టుకున్నానన్నమాట. పని మొదలెట్టేటప్పుడు ధ్యాసంతా పని మీదే ఉంటుంది, గడియారం చూడాలని ఎవరికి గుర్తొస్తుంది? తర్వాత జీటైమ్‌లాగ్ అనే చిన్న ప్రోగ్రామ్ వాడే పద్ధతి చూశాక దారిలో పడ్డాను. పొద్దున కూర్చోగానే ఒక లైన్, ఆ తర్వాత ఏ పనైనా అయిపోయాకే ఇంకో లైన్, మొదలెట్టిన టైమ్ అసలు రాయక్కర్లేదు, ఎందుకంటే అది పైలైన్‌లోనే ఉంది.

2024-03-12
09:10 వచ్చా
10:25 బిల్లింగ్: రౌండింగ్ బగ్
10:40 బ్రేక్ **
12:05 బిల్లింగ్: క్లయింట్ కాల్

బగ్‌కి గంటంపావు, కాల్‌కి గంటా ఇరవై అయిదు నిమిషాలు, మొత్తం 2:40. రెండు నక్షత్రాలున్న లైన్ లెక్కలోకి రాదు, ఆ గుర్తు కూడా జీటైమ్‌లాగ్‌దే. మధ్యలో ఒక లైన్ రాయడం మర్చిపోయినా కొంప మునగదు, రెండు పనులు కలిసి ఒకే లైన్‌లో పడతాయి, గుర్తున్నంతలో విడదీసుకోవచ్చు. యాప్‌లో స్టార్ట్ మర్చిపోతే మాత్రం ఆ గంట గాల్లో కలిసినట్టే.

తేదీ ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు అన్న వరసలోనే రాయండి, ఎప్పుడు సార్ట్ చేసినా వరస తప్పదు. విండోస్ నోట్‌ప్యాడ్‌లో ఎఫ్5 నొక్కితే టైమూ తేదీ అదే పడుతుంది. ఫైల్ మొదటి లైన్‌లో చుక్క పెట్టి పక్కనే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో లాగ్ అని కొట్టి సేవ్ చేస్తే, ఫైల్ తెరిచిన ప్రతిసారీ చివర్లో టైమ్ దానంతటదే చేరుతుంది, చాలామందికి ఈ సంగతి తెలీదు.

ఇక 24 గంటల పద్ధతి తప్పనిసరి. ఒకరోజు 13:30 లైన్ కింద పరధ్యానంగా 2:15 అని కొట్టాను, 14:15 అనబోయి. ఫైల్ చదివి గంటలు కూడే నా చిన్న స్క్రిప్టు ఆ పనికి మైనస్ పదకొండుంపావు గంటలు చూపించింది, అది సరే, కనపడింది కాబట్టి దిద్దుకున్నా. కనపడని తప్పులే ప్రమాదం. బిల్లింగ్ అన్న మాటనే ఒకచోట 'బిల్లింగ్', ఒకచోట 'బిల్లింగు', తొందర్లో 'బిల్' అని రాశాను, నెలాఖర్లో మూడు వేరే ప్రాజెక్టులుగా తేలాయి, నేను మొదటిదాని మొత్తమే చూసి ఇన్వాయిస్ పంపేశాను. మిగతావి పై నెలలో అడగాలంటే ఎంత మొహమాటమో! ఇప్పుడు ప్రాజెక్టుల పేర్లు ఫైల్ పైనే రాసుకుని అక్కణ్ణుంచే కాపీ కొడతా.

ఎక్సెల్‌లో కూడేవాళ్లకి ఇంకోటి. గంటలు కూడితే 24 దాటగానే మళ్లీ సున్నా నుంచి చూపిస్తుంది, 52:30 రావాల్సిన చోట 4:30 కనిపించి నాకు గుండె జారింది. లెక్క లోపల కరెక్టే, చూపించడమే తేడా. సెల్ ఫార్మాట్‌లో గంటల అక్షరం హెచ్‌ని స్క్వేర్ బ్రాకెట్లలో పెడితే అసలు మొత్తం కనిపిస్తుంది.

పని అయ్యాక ఒక్క లైన్ రాయడం కూడా మీవల్ల కాకపోతే హెచ్‌లెడ్జర్ అనే లెక్కల ప్రోగ్రామ్‌లో టైమ్‌డాట్ అని ఒక ఫార్మాట్ ఉంది, అందులో గడియారమే ఉండదు, ప్రాజెక్టు పేరు పక్కన చుక్కలు పెట్టడమే, ఒక్కో చుక్క పావుగంట. సాయంత్రం కూర్చుని రోజంతా తల్చుకుని పెట్టుకోవచ్చు. నాకు మాత్రం పడలేదు, సాయంత్రానికి పెద్ద పనులే గుర్తుంటాయి, మధ్యలో 'ఒక్క నిమిషం ఇది చూడండి' అంటూ వచ్చిన మెసేజీలకి పోయిన టైమ్ ఒక్కటీ గుర్తురాదు, నాకు ఎక్కువ డబ్బు పోయింది వాటి దగ్గరే.

ఒకటి మాత్రం ముందే చూసుకోండి, మీ క్లయింట్ స్క్రీన్‌షాట్లతో సహా గంటలు చూపించమనే రకమైతే ఈ ఫైల్ ఒప్పుకోరు, ఎవరైనా ఎప్పుడైనా దిద్దగలిగే ఫైల్ కదా. నా క్లయింట్లలో ఒకాయన అలాగే అడిగితే ఆ ఒక్క పనికి యాప్ పెట్టుకున్నా, మిగతావన్నీ ఇందులోనే.