తలుపులు మూస్తే ఉక్క, తెరిస్తే మోత

పెంపుడు జంతువులు: మీ ప్రశ్నలకు పశువైద్యుల జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పండుగ రాత్రి టపాసుల గురించే. కిటికీలు బిగించండి, దుప్పటి కప్పండి, ఒంటిని అదిమి పట్టే బిగుతు చొక్కా తొడగండి అని తరచూ వినిపించే సలహాలన్నీ చలి ప్రదేశాలకు పుట్టినవి. వేడి ఊళ్లలో వాటిని ఉన్నదున్నట్టు పాటిస్తే భయం తగ్గడం మాట అటుంచి, వడదెబ్బ తగులుతుంది. కాబట్టి ముందు గది సంగతి చూద్దాం.

ప్ర: మా లాబ్రడార్‌కు ఐదేళ్లు. పోయిన పండుగకు మోత వినబడకూడదని పడకగది తలుపులూ కిటికీలూ మూసేసి, ఎయిర్ కూలర్ వేసి అందులో ఉంచాం. అయినా తెల్లవార్లూ నాలుక వేలాడేసుకుని వగరుస్తూనే ఉంది. అది భయమా, వేడా?

జ: రెండూ. అందులో వేడిని తెచ్చిపెట్టింది మీ కూలరే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కాస్త పడుతుందంతే. వగర్చేటప్పుడు నాలుక మీదా నోటిలోనూ ఉన్న తడి ఆవిరై వేడిని పట్టుకుపోవడమే దానికున్న పెద్ద దారి. గాలి నిండా తేమ ఉంటే ఆ తడి ఆరదు. కూలర్ చేసేదేమో నీటిని ఆవిరి చేసి గదిలోకి ఊదడం. ఆ గాలి బయటికి పోయే సందు లేకపోతే కాసేపటికే గది ఆవిరిగది అవుతుంది. భయంతో బిగుసుకుని వణికే కండరాలు ఇంకాస్త వేడి పుట్టిస్తాయి. వేడికి వగర్పు, వగర్పుకు అలసట, అలసటతో ఇంకా బెదురు.

ఏసీ ఉంటే ఆ గదే వాడండి. ఏసీ ఉన్న గాలినే తిప్పుతూ తేమ లాగేస్తుంది కాబట్టి అన్నీ మూసేసినా ఇబ్బంది లేదు, తలుపు కింద సందులో తువ్వాలు కూడా దోపవచ్చు. మోత మొదలవడానికి 2 గంటల ముందే 24 లేదా 25 డిగ్రీల సెల్సియస్‌కు పెట్టండి. గాలి త్వరగానే చల్లబడుతుంది, ఎండకు కాగిన గోడలకు మాత్రం ఆ 2 గంటలూ కావాలి. కూలర్ ఒక్కటే ఉంటే దాన్ని వీధి లేని వైపు కిటికీ దగ్గర పెట్టి, ఇంటి లోపలి తలుపు ఒక జానెడు తెరిచి ఉంచండి. వీధి వైపు కిటికీలు మాత్రమే మూయండి. మోత కొంచెం ఎక్కువ వినిపిస్తుంది, వినిపించనివ్వండి. బయట పొగ దట్టంగా ఉంటే కూలర్ దాన్నీ లోపలికి లాగుతుంది. అప్పుడు కూలర్ ఆపి, ఫ్యాన్ వేసి, కుక్క పొట్టా పాదాలూ తడపండి. చెమట లేని ఒంటికి ఉత్త ఫ్యాన్ గాలి పెద్దగా పనిచేయదు, తడిపితేనే చల్లబడుతుంది.

గదిని పూర్తిగా నిశ్శబ్దం చేయాలని చూడకండి. పెద్ద పేలుళ్ల నేల అదిరే లోతు ధ్వని గోడల్లోంచి, నేలలోంచి కూడా వస్తుంది. ఉలిక్కిపాటు తగ్గించడమే మన చేతిలో పని. ఫ్యాన్ హోరో, ఏకధాటిగా సాగే సంగీతమో మొదటి టపాసుకు ముందే మొదలుపెట్టండి. లైట్లు వేసే ఉంచి, మందపు తెరలు వేస్తే మెరుపులు కొట్టొచ్చినట్టు కనబడవు. నేలంతా పరుపులు పరవకండి. సగం నేల వట్టిగా ఉంటే కుక్క తనే వెళ్లి చల్లటి చోట పొట్ట ఆనిస్తుంది. దాక్కోవడానికి బోనులాంటిది పెడితే మూడు వైపులా పల్చటి నూలుగుడ్డ వేయండి, తలుపు తీసే ఉంచండి. తలుపు వేస్తే బయటపడాలని గోళ్లూ పళ్లూ విరగ్గొట్టుకునే కుక్కలుంటాయి.

నీళ్లు రెండు గిన్నెల్లో పెట్టండి, ఒకటి తన్నేసినా రెండోది ఉంటుంది. కుక్కకు మామూలు రోజున కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు చాలు, వగర్చే రాత్రి అంతకు చాలా ఎక్కువే తాగుతుంది. కరెంటు పోతే అక్కరకొస్తాయి, లీటరు సీసాలు నాలుగు ముందురోజే గడ్డకట్టించి, పల్చటి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి.

షికారు చీకటి పడక ముందే అయిపోవాలి. అప్పటికీ రోడ్డు కాగుతూనే ఉండొచ్చు. చేతి వెనక భాగం 7 సెకన్లు ఆనించి చూడండి, మీకు కాలితే దానికీ కాలుతుంది. ఆ రోజు మెడపట్టీకీ, ఛాతీ పట్టీకీ రెండింటికీ తాడు వేయండి. ఒక్క పేలుడుకు తల వెనక్కి లాగి పట్టీలోంచి జారిపోయే కుక్కలు ఎన్నో. పట్టీ మీద మీ ఫోన్ నంబరు చెరిగిపోకుండా ఉందో లేదో అప్పుడే చూసుకోండి.

ప్ర: భయం వగర్పు ఏది, ప్రాణం మీదికి వచ్చే వగర్పు ఏది? ఎలా పోల్చుకోవాలి?

జ: చల్లటి గదిలో ఉన్న కుక్క, మోత ఆగిన కాసేపటికి నోరు మూస్తే అది భయం. చెవులు వెనక్కి వాల్చడం, తోక ముడవడం, ఊరికే ఆవులించడం, అటూ ఇటూ తిరగడం దాని తోడు లక్షణాలు. మోత ఆగినా వగర్పు ఆగకపోతే, నాలుక కొస వెడల్పై గరిటెలా సాగితే, చొంగ తీగలు సాగేంత చిక్కబడితే, చిగుళ్లు ఇటుక రంగుకు తిరిగితే అది వేడి. తూలినా, వాంతి చేసుకున్నా ఆలస్యం చేయకూడదు.

అనుమానం ఉంటే కొలిచేయండి. డిజిటల్ థర్మామీటర్ కొసకు వాజలిన్ రాసి మలద్వారంలో సుమారు 2 సెంటీమీటర్లు పెట్టాలి. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 104 చేరిందంటే డాక్టరుకు ఫోన్ చేస్తూనే చల్లబరచడం మొదలుపెట్టండి. 106 అయితే అవయవాలు దెబ్బతినే దశ. కుళాయి నీళ్లు పొట్ట మీద, చంకల్లో, తొడల మధ్య ధారగా పోస్తూ ఫ్యాన్ గాలి తగిలించండి. తడి తువ్వాలు కప్పి వదిలేయడం అందరూ చేసే తప్పు. కాసేపటికి ఆ తువ్వాలు ఒంటి వేడికి తనే వెచ్చబడి, వేడిని బయటికి పోనివ్వదు. 103కు దిగగానే నీళ్లు ఆపండి, లేకపోతే మరీ కిందికి జారిపోతుంది. నీళ్లు నోట్లో బలవంతంగా పోయకండి. లేచి తిరుగుతున్నా సరే డాక్టరుకు చూపించాలి. మూత్రపిండాల దెబ్బ, రక్తం గడ్డకట్టడంలో తేడా ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడవచ్చు.

ప్ర: భయపడ్డప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం అలవాటైపోతుందట. పట్టించుకోకుండా వదిలేయమంటున్నారు. నిజమేనా?

జ: కాదు. భయం ఒక ఉద్వేగం, మెచ్చుకుంటే పెరిగే అలవాటు కాదు. దగ్గరికి వస్తే రానివ్వండి, నిమరండి, మామూలు గొంతుతో మాట్లాడండి. దాక్కుంటే మాత్రం లాక్కొచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకోకండి. రెండు ఒళ్లు కలిసి వేడెక్కడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ప్ర: టపాసుల శబ్దం రికార్డింగు వినిపించి అలవాటు చేయవచ్చట. పండుగ మూడు వారాలుంది. సరిపోతుందా?

జ: కుక్కపిల్లకైతే సరిపోవచ్చు. ఇప్పటికే వణికిపోయే కుక్కకు చాలదు, దానికి నెలలు పడుతుంది. పండుగ అయ్యాక మొదలుపెడితే వచ్చే ఏటికి దారికొస్తుంది. పద్ధతి ఇది: చెవి కదిలించి మళ్లీ తన పనిలో పడేంత తక్కువ ధ్వనితో రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 5 నుంచి 10 నిమిషాలు. ప్రతి 'ఢాం'కూ ఒకటి రెండు సెకన్లలో దానికి ప్రాణమైన తిండి గోరంత ముక్క. శబ్దం ముందు, తిండి వెనక, ఈ వరస తారుమారైతే తిండి కనబడగానే భయపడటం నేర్చుకుంటుంది. రెండు మూడు రోజులు నిశ్చింతగా ఉంటేనే ధ్వని ఒక్క గీత పెంచాలి. తిండి ముట్టలేదంటే మీరు తొందరపడ్డారన్నమాట, వెనక్కి వెళ్లండి. ఫోన్ స్పీకర్లోంచి నేల అదిరే ధ్వని రాదు కాబట్టి దీన్నే పూర్తిగా నమ్ముకోకండి.

ఈ మూడు వారాల్లో చేయగలిగింది ఇంకోటి ఉంది. బయట అనుకోకుండా ఎక్కడ ఏ టపాసు పేలినా వెంటనే ముక్క వేయండి, లేదా ఇష్టమైన ఆట ఆడించండి. కుక్క ఎలా ప్రవర్తించిందని చూడక్కర్లేదు. 2020లో అచ్చయిన ఒక సర్వేలో ఇలా చేసిన యజమానుల్లో 70 శాతానికి పైగా ఫలితం కనిపించిందన్నారు. రికార్డింగులకు ఆ సంఖ్య 55, బిగుతు చొక్కాలకు 44. యజమానుల మాట మీద లెక్కే అయినా, మన మొగ్గు ఎటుండాలో చెబుతుంది. పండుగ రాత్రికి ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేని మాంసపు రసం పళ్లెంలో గడ్డకట్టించి ఇవ్వండి. నాకుతూ ఉంటే మనసూ కుదుటపడుతుంది, నోరూ చల్లబడుతుంది.

ముసలి కుక్కకు ఉన్నట్టుండి మోత భయం పట్టుకుంటే మాత్రం ముందు కీళ్లు చూపించండి. నొప్పి ఉన్న కుక్క శబ్దానికి ఉలిక్కిపడినప్పుడు కండరాలు బిగిసి నొప్పి కలుక్కుమంటుంది, ఆ రెంటికీ ముడిపడిపోతుంది.

ప్ర: తెలిసినవాళ్లు మత్తు మాత్ర ఒకటి ఇచ్చారు. వేస్తే కుక్క కదలకుండా పడుకుంది. మళ్లీ అదే వేయవచ్చా?

జ: ఆ మాత్ర పేరు చూడండి. ఎసిప్రొమజిన్ అయితే ఆ మందు ఒక్కటే వేయకండి. అది ఒంటిని పడేస్తుంది, భయాన్ని తగ్గించదు. కుక్క అన్నీ వింటూ, భయపడుతూ, కదల్లేక పడి ఉంటుంది. పైగా ఒంటి వేడిని సర్దుకునే శక్తినీ దెబ్బతీస్తుంది. ఉక్క గదిలో ఆ స్థితి ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

నిజంగా భయం తగ్గించే మందులున్నాయి: ట్రాజొడోన్, గాబాపెంటిన్, అల్‌ప్రజోలామ్, చిగురుకు పూసే డెక్స్‌మెడిటొమిడిన్ జెల్. గుండె, కాలేయం, బరువు చూసి ఏది, ఎంత అన్నది డాక్టరే తేల్చాలి. మీరు గుర్తుంచుకోవాల్సినవి మూడు. పండుగకు కనీసం వారం ముందు, మోత లేని రోజున ఒకసారి వేసి చూడాలి, కొన్ని కుక్కలకు మత్తుకు బదులు చిరాకు పుడుతుంది. భయం మొదలవకముందే వేయాలి, వణుకు ముదిరాక వేస్తే మందు సగం వృథా. జెల్‌ను చెంపకూ చిగురుకూ మధ్య పూయాలి, మింగేస్తే పనిచేయదు, పూసేవాళ్లు చేతి తొడుగు వేసుకోవాలి. మనుషుల గాబాపెంటిన్ సిరప్ వాడొద్దు. కొన్నింటిలో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు, అది కుక్కలకు విషం. మందు వేసిన జంతువును ఒంటరిగా వదలకండి.

ప్ర: మా పగ్‌కు బిగుతు చొక్కా కొనాలా?

జ: ఏసీ లేకపోతే వద్దు. చప్పిడి ముక్కు జాతులకు ఊపిరి దారే ఇరుకు, మిగతా కుక్కలకంటే చాలా ముందే వేడికి లొంగిపోతాయి. చెవుల్లో దూది కూడా దోపకండి. కుక్క చెవి గొట్టం లోపల మలుపు తిరిగి ఉంటుంది, దూది లోపలికి పోతే తీయడం మీ వల్ల కాదు.

ప్ర: మా పిల్లి బీరువా మీదికెక్కి మర్నాటి దాకా దిగదు. తిండి లేదు, నీళ్లు లేవు.

జ: ఎక్కనివ్వండి. దాక్కోవడమే పిల్లికి తెలిసిన మందు. కానీ కప్పుకు దగ్గర గాలి వేడిగా ఉంటుంది. సాయంత్రమే చల్లటి గదిలో, మంచం కిందో తక్కువ ఎత్తు అరలోనో అట్టపెట్టె పెట్టి, మీ ఒంటి వాసన ఉన్న పాత చొక్కా వేయండి. నీళ్లూ, మట్టి ట్రే అదే గదిలో, కానీ ఒకదానికొకటి దూరంగా. పిల్లి కుక్కలా నోరు తెరిచి వగర్చడం మామూలు కాదు. చల్లటి చోట రెండు మూడు నిమిషాల్లో ఆగకపోతే డాక్టరు దగ్గరికే. మన జ్వరం మాత్ర పారాసెటమాల్ ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి.

ప్ర: బాల్కనీలో చిలుకలు, వరండాలో కుందేళ్లు ఉన్నాయి. పంజరాల మీద దుప్పటి కప్పితే చాలా?

జ: చాలదు, లోపలికి తేవాల్సిందే. పక్షి ఊపిరితిత్తులు పొగకు తట్టుకోలేవు. పంజరానికి మూడు వైపులా పల్చటి గుడ్డ వేసి, ఒక వైపు వదిలి, గదిలో చిన్న దీపం వెలిగించి ఉంచండి. కటిక చీకట్లో బెదిరిన పక్షి ఊచలకు కొట్టుకుని రెక్క విరుచుకుంటుంది. నోరు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పెడితే దానికి ఉక్కగా ఉందని.

కుందేలు వేడిని చెవుల గుండా వదులుతుంది, 28 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇబ్బంది మొదలవుతుంది. గుడ్డ చుట్టిన ఐసు సీసా పక్కన పెట్టండి, దూరం జరగడానికి చోటు ఉంచండి. చెవులు తడి చేతితో తుడవవచ్చు, ఒంటి మీద నీళ్లు కుమ్మరించకండి. అసలు ప్రమాదం మర్నాడు ఉంటుంది: భయపడ్డ కుందేలు తినడం మానేస్తే పేగులు ఆగిపోతాయి. తెల్లారి గడ్డి ముట్టకపోయినా, పెంటికలు కనబడకపోయినా సాయంత్రం దాకా చూడొద్దు.

ప్ర: మర్నాడు ఉదయం వాకిట్లో పేలని టపాసును కుక్క నమిలేసింది. కక్కించాలా?

జ: ఇంట్లో కక్కించకండి, ఉప్పునీళ్లు అసలే వద్దు. నోట్లో మిగిలిన ముక్కలు తీసి, తడిగుడ్డతో తుడిచి, బయల్దేరండి. పేలని మందులో గంధకం, బొగ్గుతో పాటు పొటాషియం నైట్రేట్, ఆకుపచ్చ రంగు వెలిగే వాటిలో బేరియం లవణాలు ఉంటాయి. బేరియం రక్తంలో పొటాషియాన్ని పడగొట్టి కండరాలను చచ్చుబరుస్తుంది, గుండె లయ తప్పుతుంది. కాలినదానికంటే కాలనిదే ఎక్కువ ప్రమాదం. వాంతులు, రక్తవిరేచనాలు, వణుకు, చిగుళ్లు గోధుమ రంగుకు తిరగడం కనిపిస్తే ప్రతి నిమిషమూ విలువైనదే. నమిలిన టపాసు పై కాగితం చించి పారేయకుండా వెంట తీసుకెళ్లండి. డాక్టరు ముందుగా అడిగేది అదే.