ఆ పాత కంప్రెసర్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి, మీ కేసు దాంట్లోనే ఉంది

ప్రశ్న: మాది ఖమ్మం. కారు ఏసీ కంప్రెసర్ జామ్ అయిందంటే ఊళ్లోనే ఒక గ్యారేజీలో కొత్తది వేయించాను. 31,000 తీసుకున్నారు, ఏడాది వారంటీ అని బిల్లు మీదే రాశారు. మూడు నెలలకే కూలింగ్ తగ్గింది. వాళ్లు ఫోన్ ఎత్తకపోయేసరికి రోడ్డు పక్క షాపులో గ్యాస్ పట్టించాను. ఇంకో నెలకు కంప్రెసర్ మళ్లీ జామ్. 'వేరేవాళ్లతో చేయి పెట్టించారు, మాకు సంబంధం లేదు' అన్నారు. ఇది జరిగి 20 నెలలు. అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్, ఎండలో ఆమెను ఆ కారులో తీసుకెళ్తుంటే కన్నీళ్లు ఆగవు. డూప్లికేట్ కంప్రెసర్ అంటగట్టారని నా నమ్మకం. చీటింగ్ కేసు పెట్టవచ్చా? ఇప్పుడు ఇంకో మెకానిక్ పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే 3,000 తగ్గిస్తాననీ, అది డూప్లికేటేనని కాగితం రాసిస్తాననీ అంటున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వవద్దు. 3,000 కోసం చేతిలో ఉన్న ముఖ్యమైన సాక్ష్యాన్ని తుక్కులో పడేసుకుంటారు. వస్తువు లేకుండా అతను రాసిచ్చే కాగితానికి విలువ సున్నా. పైగా అతను మీకు కొత్త కంప్రెసర్ అమ్ముతున్న మనిషి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు మొదట అడిగేది ఆ సంగతే.

చీటింగ్ సంగతి కూడా వదిలేయండి. డబ్బు తీసుకునే రోజునే మోసం చేసే ఉద్దేశం ఉందని మీరు చూపించాలి, అది మీ దగ్గర లేదు. స్టేషన్‌లో 'ఇది సివిల్ గొడవ' అని పంపించేస్తారు, ఈలోగా అసలు గడువు కరిగిపోతుంది.

మీ కేసు తేలేది డూప్లికేటా ఒరిజినలా అన్నదాని మీద కాదు. మీరు పంపిన బిల్లు ఫొటో చూశాను. కంప్రెసర్, గ్యాస్, లేబర్, అంతే, మూడు లైన్లు. డ్రయ్యర్ మార్చినట్టు లేదు, ఫ్లషింగ్ (పైపులు లోపల కడగడం) చేసినట్టు లేదు. పాత కంప్రెసర్ జామ్ అయి పోయిందని వాళ్లే చెప్పారు కదా. అలా అరిగి పట్టేసినప్పుడు లోపలి లోహపు పొడి నూనెతో కలిసి పైపుల్లోకి, కండెన్సర్‌లోకి వెళ్తుంది. లైన్లు కడగాలి, తేమనూ చెత్తనూ పట్టే డ్రయ్యర్ మార్చాలి, కండెన్సర్ కడగడానికి లొంగకపోతే అదీ మార్చాలి, ఆ తర్వాత వాక్యూమ్ చేసి, సరైన ఆయిల్ కొలత ప్రకారం పోసి గ్యాస్ నింపాలి. ఇవేవీ చేయకుండా కొత్తది బిగిస్తే పాతదాని పొడి కొత్తదాన్ని తినేస్తుంది, కంప్రెసర్ అసలుదే అయినా సరే. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సేవాలోపం అంటే ఇదే. 'నకిలీ అమ్మారు' అని రాస్తే నకిలీ అని నిరూపించే భారం మీ నెత్తిన పడుతుంది. 'పని సరిగా చేయలేదు' అని రాస్తే వాళ్ల బిల్లే మీ తరఫున మాట్లాడుతుంది.

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సిన మాట. వారంటీ ఉన్న బండిని బిల్లు కూడా లేకుండా రోడ్డు పక్క షాపులో విప్పించడం ఏమిటి? వాళ్లు ఫోన్ ఎత్తకపోతే ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టి, రెండు రోజులు చూసి వెళ్లినా ఇవాళ ఈ టెన్షన్ ఉండేది కాదు. అయినా దాన్ని దాచవద్దు, ఫిర్యాదులో మీరే రాయండి. యూపీఐలో కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి, అంతకుముందు గ్యారేజీకి చేసిన కాల్స్ ఫోన్‌లో మిగిలి ఉంటే అవీ. ఆ గ్యాస్ వల్లే పోయిందన్నది వాళ్ల వాదన, రుజువు వాళ్లే చూపించుకోవాలి. కానీ మీరు దాచి, వాళ్లు బయటపెడితే మీ మిగతా మాటలనూ వినియోగదారుల కమిషన్ నమ్మదు.

ఫిర్యాదుకు గడువు రెండేళ్లు, అదే చట్టంలోని 69వ సెక్షన్. రెండోసారి జామ్ అయిన రోజు నుంచి లెక్కేసుకోండి, అదే క్షేమం. మీకు మిగిలింది నాలుగు నెలలు. నోటీసు ఇచ్చామనో, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశామనో ఆ గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది గానీ, తగిన కారణం చూపాలి. 'ఇస్తామన్నారని తిరిగాను' అంటే ప్రతిసారీ ఒప్పుకోరు.

ఈ వారమే గ్యారేజీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి: ఫలానా తేదీన ఫలానా సర్వీస్ సెంటర్‌లో ఏసీ విప్పిస్తున్నాం, మీ మనిషిని పంపండి, 15 రోజులు టైమిస్తున్నాం అని. వాళ్లు రాకపోయినా మీ పనికి అడ్డు లేదు. విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి. మీటర్ రీడింగ్, కంప్రెసర్ మీది సీరియల్ నంబరు స్టిక్కర్, డ్రయ్యర్ మీది తేదీ కనిపించాలి. పైపులోంచి కారే నూనెను పారదర్శకమైన సీసాలో పట్టండి. అది బూడిద రంగులో ఉండి, వేళ్ల మధ్య రాస్తే గరుకుగా తగిలితే సర్వీస్ సెంటర్ వాళ్లతో జాబ్ కార్డు మీద అదే మాట రాయించండి. కంప్రెసర్, డ్రయ్యర్, సీసా మూటగట్టి సీలు వేసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుని ఇంట్లో పెట్టండి. ఇది అయ్యాక కొత్తది వేయించుకోండి, అమ్మగారిని ఇంకో ఎండాకాలం ఎండలో తిప్పనక్కర్లేదు. ఈసారి మాత్రం డ్రయ్యర్, ఫ్లషింగ్, ఆయిల్ బిల్లులో విడివిడిగా ఉండాలి.

ఫిర్యాదు ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, ఆన్‌లైన్‌లో ప్రభుత్వ పోర్టల్ ఈ-జాగృతి ద్వారా కూడా వేయవచ్చు. మీరు చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. వస్తువును ల్యాబ్‌కు పంపమని అందులోనే అడగండి. అడిగేది 31,000, వడ్డీ, ఖర్చులు, ఓ మోస్తరు నష్టపరిహారం. లక్షలు రాయకండి. అమ్మగారి విషయం ఒక్క వాక్యం చాలు, ఆసుపత్రికి ట్యాక్సీలో వెళ్లిన బిల్లులుంటే జత చేయండి. వాట్సాప్ మెసేజ్‌లు పెడితే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ కూడా జత చేయండి. నోటీసులో పెట్టిన 15 రోజులు ముగిశాక వాళ్ల జవాబు కోసం ఎదురుచూడకుండా ఫైల్ చేసేయండి.