ఎస్ప్రెసో మెషీన్‌లో వేడి గురించి చిన్నాకి

చిరంజీవి చిన్నాకి, మేనత్త ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. గాజియా క్లాసిక్ ఎస్ప్రెసో మెషీన్ కొన్నావని, కాఫీ మాత్రం పుల్లగా వస్తోందని, వేడి పెంచడానికి పీఐడీ (వేడిని ఒకే దగ్గర నిలకడగా ఉంచే ఎలక్ట్రానిక్ కంట్రోలర్) పెట్టించమంటావా అని అడిగావు. నీళ్ల వేడి ఒకచోట 88 డిగ్రీలని, ఇంకోచోట 96 అని చదివి టెన్షన్ పడుతున్నావట. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను. ఇన్నేళ్లు వైజాగ్‌లో కాఫీ కౌంటర్ నడిపాను కాబట్టి ఇందులో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి.

అన్నీ సరిచూసుకున్నాక, ఆఖర్న చెయ్యి వేయాల్సింది వేడి మీద. నువ్వు ముందు దాని మీదే పడ్డావు.

గింజలోని పులుపు నీళ్లలోకి తేలిగ్గా, అన్నిటికంటే ముందు దిగుతుంది. తీపి ఆ వెనకాల, చేదు ఆఖర్న. నీళ్లు చాలినంత వేడిగా లేకపోతే పులుపు దగ్గరే ఆగిపోతుంది, నిజమే. కానీ పొడి ముతకగా ఉండి నీళ్లు గబగబా జారిపోయినా అదే జరుగుతుంది. అందుకని ముందు త్రాసూ గడియారమూ పెట్టుకో. 16 గ్రాముల పొడి వేసి, కప్పులోకి 32 గ్రాముల కాఫీ 25 నుంచి 30 సెకన్లలో వచ్చేలా గ్రైండర్ సర్దుకో. 15 సెకన్లకే కప్పు నిండిపోతుంటే అది పొడి తప్పు, డిగ్రీలు పెంచి దాన్ని కప్పిపుచ్చలేవు. పొడి సమానంగా సర్ది, నొక్కి, 28 సెకన్లు పట్టినా కూడా నాలుక అంచులు జివ్వుమంటున్నాయంటే, అప్పుడు వేడిని అనుమానించు. అన్నట్టు, ఫిల్టర్ కాఫీకని అమ్మే చికోరీ పొడి ఇందులో వేయకు. దాంతో ఏ లెక్కా తేలదు.

రెండోది, మెషీన్ నిజంగా వేడెక్కిందా లేదా. లైటు అయిదు నిమిషాలకే సిద్ధమని చెబుతుంది. అది చెప్పేది బాయిలర్, అంటే లోపల నీళ్లు కాచే గిన్నె, సంగతి మాత్రమే. ఆ కింద నీళ్లు బయటికి వచ్చే గ్రూప్ హెడ్, పొడి వేసి నువ్వు చేత్తో పట్టుకునే పోర్టాఫిల్టర్ బరువైన ఇత్తడివి. అవి చల్లగా ఉంటే బాయిలర్‌లోంచి వచ్చిన వేడిని దారిలోనే తాగేస్తాయి. పెనం కాలకుండా పోసిన దోశ ఎలా వస్తుందో ఆ కాఫీ కూడా అలాగే వస్తుంది. పోర్టాఫిల్టర్‌ను బిగించే ఉంచి కనీసం 20 నిమిషాలు వదిలెయ్. తర్వాత పొడి లేకుండా ఒకసారి నీళ్లు వదిలి, అవే నీళ్లతో కప్పునూ వేడి చేసుకో. ఉదయం హడావుడిలో ఇది కుదరదంటావు, తెలుసు. లేవగానే స్విచ్ వేసి స్నానానికి వెళ్లు.

నీకు పులుపు ఎక్కువగా తగిలేది పొద్దున్న మొదటి కప్పులోనేనా? అయితే నా అనుమానం ఇక్కడే.

ఇప్పుడు అసలు వేడి సంగతి. నీ మెషీన్‌లో కాఫీ థర్మోస్టాట్ దాదాపు 107 డిగ్రీల దగ్గర హీటర్‌ని ఆపుతుంది. ఆ అంకె చూసి కంగారు పడకు. అది బాయిలర్ గోడకి తగిలించిన థర్మోస్టాట్ లెక్క. నీళ్లు గ్రూపు దాటి పొడి మీద పడేసరికి చాలానే దిగుతుంది. అసలు ఇబ్బంది ఏమిటంటే, ఒకసారి ఆగిన హీటర్ వేడి బాగా తగ్గాక గానీ మళ్లీ అందుకోదు. ఈ మధ్యలో ఎప్పుడు బటన్ నొక్కావన్నదాన్ని బట్టి ఒకే గింజ, ఒకే గ్రైండ్ ఒకరోజు పుల్లగా, ఒకరోజు మాడు చేదుగా వస్తాయి. పైగా బాయిలర్ పట్టేదే 100 మిల్లీలీటర్లు. కాఫీ దిగుతున్నంతసేపూ ట్యాంకులోంచి చల్లనీళ్లు అందులోకి వస్తూనే ఉంటాయి.

దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం ఉంది, పీఐడీ కంటే ముందు ఇది నేర్చుకో. ముందుగా నీ మెషీన్ మీది లైటు హీటర్ పనిచేస్తున్నప్పుడు వెలుగుతుందో, వేడెక్కాక వెలుగుతుందో బుక్‌లెట్‌లో చూసుకో, మోడల్‌ని బట్టి మారుతుంది. కప్పు పెట్టి నీళ్లు వదులు. హీటర్ అందుకున్నట్టు లైటు చెప్పగానే ఆపు. హీటర్ మళ్లీ ఆగేదాకా చూడు. అది ఆగిన క్షణం నుంచి సెకన్లు లెక్కపెట్టు. ఆగిన వెంటనే కూడా లోహంలోని వేడి నీళ్లకి ఎక్కుతూ కాస్త పైకి పోతుంది, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. అరనిమిషం ఆగి షాట్, అంటే ఒకసారి దించే కాఫీ, తియ్యి. పుల్లగా ఉంటే రేపు 15 సెకన్లకే తియ్యి. మాడు చేదు ఉంటే ముప్పావు నిమిషం ఆగు. నీ నాలుకకి నచ్చిన లెక్క దొరికాక కాగితం మీద రాసి మెషీన్‌కి అంటించు, ఇంట్లో ఎవరు తీసినా అదే పాటించాలి.

నీళ్లు వదిలినప్పుడు చెవి కూడా అటు పెట్టు. బాయిలర్ మరీ వేడెక్కి ఉంటే గ్రూపు జల్లెడలోంచి నీళ్లు ధారగా రావు, చుర్రుచుర్రుమని ఆవిరి కక్కుతూ చిటపటలాడతాయి. కొంచెం వదిలాక ఆ చప్పుడు తగ్గి, జల్లెడంతా ఒక్కటిగా మెత్తటి ధార పడుతుంది. అక్కడ మరిగే వేడికి దిగిందని అర్థం. వైజాగ్‌లో మాకు అది 100 డిగ్రీలు. నువ్వుండే హైదరాబాద్ సముద్రానికి 500 మీటర్ల పైన ఉంది, అక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. థర్మామీటర్ కొంటే ముందు మీ గిన్నెలో మరుగుతున్న నీళ్లలో పెట్టి చూడు. 98 చూపిస్తే అది మంచిదే, షాపుకి తిరిగి ఇవ్వక్కర్లేదు.

పాలు నురగ కట్టించాక ఇంకో షాట్ తీసే పనైతే మరీ జాగ్రత్త. ఆవిరి కోసం బాయిలర్ 140 డిగ్రీల పైకి పోతుంది. ఆవిరి స్విచ్ ఆపి, ఆ చిటపట మొత్తం పోయేదాకా నీళ్లు వదిలి, మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టు. అందరికీ ముందు షాట్లన్నీ తీసేసి, పాలు ఆఖర్న చూసుకుంటే ఈ బాధే ఉండదు.

88, 96 గొడవకి వస్తాను. రెండూ నిజమే, గింజలు వేరు. ఇటలీలో ఎస్ప్రెసోకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ పెట్టిన కొలత ప్రకారం 7 గ్రాముల పొడి, 25 సెకన్లు, 25 మిల్లీలీటర్లు, నీళ్లు 88 డిగ్రీలు, రెండు అటూ ఇటూ. అక్కడివాళ్లు వాడేవి ఎక్కువగా బాగా వేపిన గింజలు, చాలాచోట్ల రోబస్టా రకం గింజ కూడా కలుస్తుంది. అలాంటి గింజలోంచి రుచి ఇట్టే దిగుతుంది, వేడి ఎక్కువైతే బూడిద చేదు వస్తుంది. నువ్వు కొన్నది అరకు అరబికా, అదీ లేత వేపు అని రాశావు. లేత గింజ గట్టిగా ఉంటుంది, తొందరగా వదలదు. దానికి 93, 94 కావాలి, ఇంకా లేతదైతే 95, 96. మధ్యరకం వేపుకి 91, 92 దగ్గర మొదలుపెట్టు. అరకు గింజలో ఒక పండు పులుపు ఉంటుంది, అది లోపం కాదు. దాన్ని చంపేదాకా వేడి పెంచుకుంటూ పోతే డబ్బు పెట్టి కొన్నదాన్నే పారేసుకున్నట్టు. నోరు ముడుచుకునేలా చేసే పులుపు పోవాలి, నోరూరించే పులుపు ఉండాలి.

మార్చినప్పుడు ఒక్కటే మార్చు. వేడి మారిస్తే గ్రైండ్ ముట్టుకోకు. ఒకటి రెండు డిగ్రీల తేడా సలసలా కాగుతున్న కాఫీలో తెలియదు. రెండు మూడు నిమిషాలు ఆరనిచ్చి, చెంచాతో కలిపి తాగు. పంచదార వేయకుండానే చూడాలి సుమా. పులుపూ చేదూ కాక నాలుక పిడచకట్టినట్టు వగరుగా ఉంటే అది చాలాసార్లు వేడి వల్ల కాదు, పొడిలో ఒకచోట పగులు పడి నీళ్లన్నీ అక్కడినుంచే పోవడం వల్ల.

ఎండాకాలం సాయంత్రాలు మీ వీధిలో వోల్టేజి పడిపోతుందని మీ అమ్మ అంటూ ఉంటుంది. 230 ఉండాల్సింది 200 అయితే హీటర్ బలం ముప్పాతిక వంతుకి పడిపోతుంది. అప్పుడు వేడెక్కడానికీ, షాట్‌కీ షాట్‌కీ మధ్య కోలుకోవడానికీ ఎక్కువ టైమ్ ఇవ్వు. బోరునీళ్లు పోయకు, సున్నం పేరుకుని బాయిలర్ గోడకీ నీళ్లకీ మధ్య పొరలా అడ్డుపడుతుంది, థర్మోస్టాట్ లెక్క తప్పుతుంది. కంపెనీ చెప్పిన మందుతోనే, చెప్పిన గడువుకే సున్నం తీయించు.

పీఐడీ మంచిదే, వద్దనను. రోజూ నాలుగైదు షాట్లు తీసే ఇంట్లో అది సుఖం. దాని తెరమీద చూపే అంకె కూడా బాయిలర్‌దే అయి ఉండొచ్చు. కాఫీ మీద పడే నీళ్లకీ దానికీ పది డిగ్రీల దాకా తేడా ఉంటుంది, ఆ తేడాని ముందే సర్ది చూపిస్తుందా లేదా అని అమ్మేవాడిని అడుగు. వారంటీ పోతుందేమో కూడా అడుగు. వైర్లు విప్పే పని మాత్రం నువ్వు పెట్టుకోకు నాన్నా. అది 230 వోల్టులు, పక్కనే నీళ్లు. తెలిసినవాళ్ల చేత చేయించు. ఎర్త్ కలపమను, లోపలి థర్మల్ ఫ్యూజు తీసి పక్కన పడేస్తామంటే ఒప్పుకోకు. మెషీన్ అదుపు తప్పి కాలకుండా ఆపేది అదే.

ఒక వారం ఇలా తీసి చూడు. ఎన్ని గ్రాములు, ఎన్ని సెకన్లు, హీటర్ ఆగాక ఎంతసేపు ఆగావు, రుచి ఎలా ఉంది, ఇవి ఫోన్లో రాసుకుని నాకు పంపు. వాటిని చూసి పీఐడీ కొనాలో వద్దో చెబుతాను.

మీ అత్త