పిల్లి ఎవరి వెనక వెళ్లిందో చూడండి

ప్రశ్న: మా పిల్లి బుజ్జికి అయిదేళ్లు. కూనగా ఉన్నప్పటి నుంచి నేనే పెంచాను. ఆరు నెలలుగా అది పక్కింట్లోనే ఉంటోంది. పక్కిల్లంటే పరాయివాళ్లది కాదు, మా బావగారిదే. చంకన వేసుకొచ్చి తలుపులు వేస్తే రాత్రంతా గీకుతూ అరుస్తుంది. తెల్లారి తలుపు తీయగానే అటే పరుగు. ఖరీదైన తిండి తెచ్చి పెట్టినా వాసన చూసి వదిలేస్తోంది. మా తోడికోడలు కావాలనే దాన్ని మరిగిస్తోందని నా అనుమానం. (మా అత్తగారు కూడా ఆరు నెలల నుంచి అక్కడే ఉంటున్నారు. టీవీ సౌండ్ దగ్గర చిన్న మాట పట్టింపు.) పిల్లికి తిండి పెట్టొద్దని తోడికోడలితో గట్టిగా చెప్పేయనా? చెబితే తగవవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెప్పకండి. మీరు అడిగినదానికి జవాబు అంతే. తిండి కోసమే అయితే తినేసి, మూతి నాక్కుని ఇంటికొచ్చేది. రాత్రింబవళ్లు అక్కడే ఉండదు.

మీ ఉత్తరం నాలుగు పేజీలు. పిల్లి తోక మీది మచ్చ గురించి కూడా రాశారు. అత్తగారు వెళ్లిపోవడం గురించి మాత్రం రెండు వాక్యాలు, అవీ బ్రాకెట్లో. 'ఆరు నెలలు' అన్న మాట రెండు చోట్లా మీ చేత్తోనే రాశారు కదమ్మా, రాస్తున్నప్పుడు తట్టలేదా? తట్టే బ్రాకెట్లో పెట్టేశారా?

మూడో పేజీలో ఇంకో మాట జారింది. మధ్యాహ్నాలు బుజ్జి అత్తగారి ఒళ్లోనే పడుకునేదట, మీకేమో పనితో తీరిక ఉండేది కాదట. మీరు పెంచలేదని నేననను. తిండీ, డాక్టరూ, ఖర్చూ అన్నీ మీవే. కానీ పిల్లి రోజుకి 12 నుంచి 16 గంటలు నిద్రపోయే జీవి. దానికి కావలసింది కదలకుండా కూర్చునే మనిషి. పైగా అది తనంతట తాను వచ్చి చేరితే ఎంతసేపైనా ఉంటుంది, మనం వెళ్లి ఎత్తుకుంటే మాత్రం నిమిషంలో జారుకుంటుంది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ దాని వెంటపడలేరు, అందుకే అదే ఆవిడ దగ్గరికి వెళ్తుంది.

పిల్లికి ఇల్లే ముఖ్యం, మనుషులు కాదని అంటుంటారు. కానీ 2019లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పిల్లికూనల్ని పరీక్షిస్తే, పెంచేవాళ్లు కాసేపు బయటికెళ్లి తిరిగి రాగానే మూడింట రెండొంతుల దాకా కూనలు కుదుటపడ్డాయి, అచ్చం పసిపిల్లల్లాగే. ఇక మీ బుజ్జి ఇన్నేళ్లు తిరిగిన ఇంటినే వదిలేసి ఒక మనిషి వెనకాల వెళ్లింది. దాన్ని ఎవరూ మరిగించలేదు. అత్తగారు వెళ్లారు, అదీ వెళ్లింది.

ఇప్పుడు ఆ 'చిన్న మాట' సంగతి. చిన్న మాటకి ఆ వయసులో బట్టలు సర్దుకుని ఎవరూ గడప దాటరు. మీరన్న మాటేమిటో రాయలేదు. రాయలేకపోయారంటే దాని బరువు మీకు తెలుసన్నమాట. టీవీ సౌండ్ అంత పెట్టుకునేవారంటే ఆవిడకి చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయో లేదో ఎవరైనా పరీక్ష చేయించారా? ఆ డాక్టరు దగ్గరికి వెళ్లి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో.

తప్పంతా కోడలిదేననే రకం మనిషిని కాదు నేను. ఎనిమిదేళ్లు ఆవిడ మంచీ చెడ్డా మీరొక్కరే చూశారు. అన్నాళ్లూ గోడ అవతలి నుంచి తొంగి చూడనివాళ్లు ఇవాళ మంచి కోడలనిపించుకుంటుంటే కడుపు మండదా? మండుతుంది, అది న్యాయమే. ఆఖరికి పిల్లి కూడా అటే వెళ్లేసరికి తట్టుకోలేకపోయారు. కానీ ఎనిమిదేళ్ల సేవని ఒక్క మాటతో పోగొట్టుకుని, దాన్ని వెనక్కి తెచ్చుకోకుండా పిల్లిని తెచ్చుకుంటానంటే నేను ఒప్పుకోను. పెద్దావిడ అభిమానం దెబ్బతింది. మీకు అభిమానం ఉన్నట్టే ఆవిడకీ ఉంటుంది. చిన్నవాళ్లు ఒక మెట్టు దిగితే పోయేదేమీ లేదు.

అన్నట్టు, మీవారి గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. కన్నతల్లి పక్కింటికి మారిపోతే ఆయనేం చేశారు? ఆడవాళ్ల గొడవలే అని ఫోను చూసుకుంటూ కూర్చునే మగవాళ్లంటే నాకు మహా చిరాకు. సరే, ఆయన ఉత్తరం రాయలేదు కాబట్టి వదిలేస్తున్నాను.

రేపు మధ్యాహ్నం వెళ్లండి. తోడికోడలు ఇంట్లో లేని వేళ చూసుకుని కాదు, ఆమె ఉన్నప్పుడే. బుజ్జి ఒళ్లో ఉంటే ముట్టుకోకండి. పక్కన కూర్చోండి. 'ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది అత్తయ్యా' అనండి, అక్కడితో ఆపండి. 'కానీ మీరు కూడా' అని మొదలుపెట్టారో, వెళ్లినా వెళ్లనట్టే. ఇంటికి రమ్మని ఆ రోజే బలవంతం చేయకండి. పెద్దకొడుకు ఇంట్లోనే ఉంటానంటే అది ఆవిడ ఇష్టం. అలాగైనా మీరు రోజూ వెళ్లి పలకరించడానికి మధ్యలో ఉన్నది గోడే కదా.

పిల్లి విషయం రెండు ముక్కల్లో చెబుతాను. ఎత్తుకొచ్చి తలుపులు వేయడం మానేయండి, దానికి మీ ఇల్లంటేనే భయం పట్టుకుంటుంది. మీ దగ్గర తినకపోవడం అక్కడ కడుపు నిండడం వల్ల కావచ్చు, కానీ పిల్లులు జబ్బుని బయటపడనివ్వవు. అక్కడ కూడా తినడం తగ్గితే వెంటనే డాక్టరుకి చూపించాలి. రెండిళ్లలోనూ మేపితే ఒళ్లు వచ్చేస్తుంది, నులిపురుగుల మందేమో వాళ్లు వేశారని మీరూ, మీరు వేశారని వాళ్లూ ఊరుకుంటారు. తోడికోడలితో మాట్లాడాల్సింది ఇదీ. 'పెట్టొద్దు' అని కాదు, 'ఎంత పెడుతున్నావక్కా' అని. టీకాల కార్డు మీ బీరువాలో ఉందన్నారుగా. మొదటిరోజు వద్దు, రెండోసారి వెళ్లినప్పుడు పట్టుకెళ్లి తోడికోడలి చేతిలో పెట్టండి.