వేల ఫొటోలున్నాయి, ఏది ఏ ఫైల్లోదో తెలియట్లేదు!

ప్రశ్న: చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆర్కైవ్స్‌లోని పాత ఫైళ్లను ఫోన్‌తో ఫొటోలు తీసుకున్నా. వేలల్లో పేరుకుపోయాయి. గ్యాలరీలో ఏ పేజీ ఏ ఫైల్లోదో పోల్చుకోలేకపోతున్నా. దీనికేమైనా ఉచిత సాఫ్ట్‌వేర్ ఉందా? చేతిరాతను టెక్స్ట్‌గా మార్చుకునే వీలుందా?

జవాబు: ట్రోపీ వాడండి. అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో చరిత్ర పరిశోధకుల కోసమే తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. నాలుగు పేజీల ఉత్తరముంటే ఆ నాలుగు ఫొటోలనూ కలిపి ఒకే ఐటమ్‌గా మార్చుకోవచ్చు. రాసినవారి పేరు, తేదీ, పెట్టె నంబరు దానికే జత చేయొచ్చు. వందల ఫొటోలను ఒకేసారి ఎంచుకుని అన్నింటికీ ఒకే ఫైల్ నంబరు ఇవ్వొచ్చు కూడా. ఈ ఒక్క సదుపాయం మీకు ఎన్నో రోజుల పని తప్పిస్తుంది.

అయితే ఫైల్ నంబరు మీ దగ్గరుంటేనే కదా! అది లేని ఫొటో ఎంత విలువైన పత్రానిదైనా ఫుట్‌నోట్‌లో పెట్టడానికి పనికిరాదు. ఇకపై ఏ ఫైలు తెరిచినా ముందు దాని అట్టను ఫొటో తీయండి, ఆ తర్వాతే లోపలి పేజీలు. ఇప్పటికే తీసిన వాటిని తేదీ, సమయం వరుసలో పెట్టి, ఆ రోజు మీరు తెప్పించుకున్న ఫైళ్ల స్లిప్పులతో పోల్చి చూడండి. చాలావరకు దొరుకుతాయి. వాట్సప్‌లో మామూలుగా పంపుకొన్న కాపీల్లో మాత్రం తీసిన సమయం వివరాలు పోతాయి, నాణ్యతా తగ్గుతుంది. అందుకే ఒరిజినల్ ఫొటోలను కేబుల్‌తోనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి.

చేతిరాతకు ట్రాన్స్‌క్రైబస్ ఉంది. పరిమితంగా ఉచితం. మీ పత్రాల లిపికి, ఆ కాలపు రాతకు సరిపోయే మోడల్ (అలాంటి రాతను చదవడం ముందే నేర్చుకున్న ప్రోగ్రామ్) దొరికితేనే ఫలితం బాగుంటుంది. లేకపోతే కొన్ని పేజీలు మీరే టైప్ చేసి దానికి నేర్పాలి. అచ్చు కాగితాలను టెక్స్ట్‌గా మార్చడానికైతే టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. దేనితో చేసినా పేర్లు, తేదీలు, అంకెలు అసలు ఫొటోతో సరిచూసుకోవాల్సిందే. 1 కాస్తా 7 అయితే మీ వాదనే తారుమారవుతుంది.

ప్రశ్న: పుస్తకాలు, వ్యాసాల జాబితాకూ ట్రోపీనే వాడొచ్చా?

జవాబు: దానికి జొటేరో మేలు. ఇదీ ఉచితమే. వర్డ్‌లో రాస్తుండగానే ఫుట్‌నోట్లు పెడుతుంది. ఫైళ్లను ఆన్‌లైన్‌లో సింక్ చేసుకోవడానికి ఉచితంగా ఇచ్చే స్థలం 300 ఎంబీ మాత్రమే కాబట్టి, పీడీఎఫ్‌లు ఎక్కువుంటే కంప్యూటర్‌లోనే ఉంచి, మరో హార్డ్‌డిస్క్‌లోకి బ్యాకప్ తీసుకోండి. చాట్‌బాట్ చెప్పిన రిఫరెన్సును మాత్రం ఆ పుస్తకం తెరిచి పేజీ చూడకుండా ఇందులో చేర్చొద్దు. లేని పుస్తకాలను కూడా అవి ఉన్నట్టే చెబుతాయి.